రేడియల్ ఇంజిన్‌లో టైమింగ్ గేర్లు: ఒక్క పన్ను తప్పితే ఏమవుతుంది?

జగదల్‌పూర్: హైదరాబాద్ నుంచి బస్తర్‌కు విమాన మార్గం ఏర్పడి కొన్నేళ్లే అయింది. 2020 సెప్టెంబరు 21న అలయన్స్ ఎయిర్ సంస్థ రాయ్‌పూర్, జగదల్‌పూర్, హైదరాబాద్ నగరాలను కలుపుతూ ఏటీఆర్-72 విమాన సర్వీసును ప్రారంభించింది. జగదల్‌పూర్‌లోని మా దంతేశ్వరి విమానాశ్రయానికి చేరే దారిలో కిటికీలోంచి కిందికి చూస్తే చాలా మేర కనిపించేది అడవి, కొండలే. అత్యవసరంగా దిగడానికి అనువైన మైదానం అక్కడ అరుదు. అటువంటి నేల మీదుగా ఎగిరే విమానంలో ప్రయాణికుల భద్రత చాలావరకు ఇంజిన్ మీదనే ఆధారపడి ఉంటుంది.

ఏటీఆర్ ఇంజిన్లు టర్బైన్ రకానికి చెందినవి. ఒకసారి అంటుకున్న ఇంధనం వాటిలో నిరంతరాయంగా మండుతూనే ఉంటుంది. అంతకు ముందు తరం విమానాల పరిస్థితి వేరు. జగదల్‌పూర్ ఎయిర్‌స్ట్రిప్ బ్రిటిష్ పాలన కాలం నాటిది. 1940వ దశకంలో దేశంలో ఎగిరిన పెద్ద రవాణా, బాంబర్ విమానాల్లో ఎక్కువ భాగం రేడియల్ పిస్టన్ ఇంజిన్లతో నడిచేవి. ఆ ఇంజిన్‌లో ఇంధనం సెకనుకు వందలసార్లు విడివిడిగా మండాలి. ప్రతిసారీ వాల్వులు సరైన క్షణంలో తెరుచుకోవాలి, సరైన క్షణంలో మూసుకోవాలి, సరైన క్షణంలో నిప్పురవ్వ పుట్టాలి. ఈ వేళలన్నింటినీ క్రాంక్‌షాఫ్ట్‌తో ముడిపెట్టి ఉంచేవే టైమింగ్ గేర్లు. ఇంజిన్ తొడుగు లోపల దాగి ఉండే ఈ పళ్ల చక్రాల అమరికలో ఒక్క పన్ను అటూ ఇటూ అయినా ఇంజిన్ సరిగా నడవదు. అందుకు కారణం ఒక చిన్న అంకగణితంలో ఉంది.

తెలుగు నేల మీద డకోటాలు

తెలుగువారికి అత్యంత పరిచితమైన రేడియల్ ఇంజిన్ విమానం డకోటా. హైదరాబాద్ కేంద్రంగా 1945లో ఏర్పడిన డెక్కన్ ఎయిర్‌వేస్ ఈ విమానాలనే నడిపింది. నిజాం రాష్ట్ర రైల్వే, టాటా ఎయిర్‌లైన్స్ అందులో భాగస్వాములు. దేశంలో తొలి మహిళా వాణిజ్య పైలట్‌గా పేరొందిన ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగం ఇచ్చిన సంస్థ కూడా ఇదే. 1953 ఆగస్టు 1న దేశీయ విమాన సంస్థలన్నింటినీ కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను ఏర్పాటు చేసినప్పుడు డెక్కన్ ఎయిర్‌వేస్ అందులో విలీనమైంది. కొత్త సంస్థకు వారసత్వంగా వచ్చిన 99 విమానాల్లో 74 డకోటాలే.

1949లో నాగపూర్ కేంద్రంగా రాత్రి విమాన తపాలా సేవ మొదలైంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి బయలుదేరిన విమానాలు అర్ధరాత్రి వేళ నాగపూర్‌లో కలుసుకొని, తపాలా సంచులను మార్చుకొని తెల్లవారేలోగా తిరిగి వెళ్లేవి. మద్రాసు, నాగపూర్‌ల మధ్య గగన మార్గం తెలుగు నేల మీదుగా, బస్తర్ అడవులకు పశ్చిమాన సాగుతుంది. చీకట్లో, కింద దీపాలు లేని ప్రాంతం మీద ఎగిరే ఆ విమానాలకు ఇంజిన్ల నిలకడ ఎంత అవసరమో ఊహించవచ్చు.

డకోటాకు రెండు ఇంజిన్లు. వాటి పేరు ప్రాట్ అండ్ విట్నీ ఆర్-1830 ట్విన్ వాస్ప్. 1830 ఘనపు అంగుళాలు, అంటే సుమారు 30 లీటర్ల పరిమాణం గల ఈ ఇంజిన్ నిమిషానికి 2,700 చుట్ల వేగంతో, టేకాఫ్ సమయంలో 1,200 అశ్వశక్తిని ఇస్తుంది. మొత్తం 1,73,618 ఇంజిన్లు తయారయ్యాయి. విమాన పిస్టన్ ఇంజిన్లలో ఇంత పెద్ద సంఖ్యలో మరొకటి తయారు కాలేదు. లిబరేటర్ బాంబర్‌కూ, నీటిపై దిగే కాటలీనా విమానానికీ ఇదే ఇంజిన్. యుద్ధ కాలంలో బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారం అమెరికా సైనిక విమానాలకు మరమ్మతు కేంద్రంగా పనిచేసింది. యుద్ధానంతరం కాన్పూర్‌లో వదిలివేసిన లిబరేటర్లను బాగు చేసి, 1948 నుంచి భారత వైమానిక దళానికి అందించింది కూడా ఆ సంస్థే.

నక్షత్రంలా అమరిన సిలిండర్లు

కారు ఇంజిన్‌లో సాధారణంగా సిలిండర్లు ఒకే వరుసలో ఉంటాయి. రేడియల్ ఇంజిన్‌లో అవి బండి చక్రపు ఆకుల్లా మధ్యనున్న క్రాంక్‌షాఫ్ట్ చుట్టూ వృత్తాకారంలో అమరి ఉంటాయి. ఎదురుగాలి ప్రతి సిలిండర్‌కూ నేరుగా తగులుతుంది కనుక చల్లబరచడానికి నీరు అక్కరలేదు. రేడియేటర్, గొట్టాలు ఉండవు కనుక అవి కారిపోయే ప్రమాదమూ లేదు. యుద్ధ విమానాల్లో, సుదూర మారుమూల ప్రాంతాలకు వెళ్లే రవాణా విమానాల్లో ఈ రకం ఇంజిన్‌కు ఆదరణ లభించడానికి ఇది ప్రధాన కారణం.

ఒక వరుసలో ఎప్పుడూ బేసి సంఖ్యలోనే సిలిండర్లు ఉంటాయి. అవి ఐదో, ఏడో, తొమ్మిదో కావచ్చు. నాలుగు ఘట్టాల ఇంజిన్‌లో ప్రతి సిలిండర్ ఇంధన మిశ్రమాన్ని పీల్చుకోవడం, నొక్కడం, మండించడం, పొగను బయటకు నెట్టడం అనే పనులు పూర్తి చేయడానికి క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరగాలి. తొమ్మిది సిలిండర్ల వరుసలో ఒకటి విడిచి ఒకటిగా 1, 3, 5, 7, 9, ఆ తర్వాత 2, 4, 6, 8 క్రమంలో మండితే సరిగ్గా రెండు చుట్లలో అన్నీ పూర్తయి, మళ్లీ మొదటి సిలిండర్ వంతు వస్తుంది. మంటకూ మంటకూ మధ్య విరామం సమానంగా ఉంటుంది. సరి సంఖ్యలో సిలిండర్లు ఉంటే ఈ సమత్వం సాధ్యం కాదు.

ట్విన్ వాస్ప్‌లో ఏడేసి సిలిండర్ల వరుసలు రెండు, ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. వెనుక సిలిండర్లకు గాలి అందేందుకు వాటిని ముందు సిలిండర్ల సందుల్లో అమర్చారు. మొత్తం 14 సిలిండర్లు మండే క్రమం 1, 10, 5, 14, 9, 4, 13, 8, 3, 12, 7, 2, 11, 6. చూడటానికి చిక్కుగా ఉన్నా దీనికి ఒక సులువైన సూత్రం ఉంది. ఉన్న అంకెకు తొమ్మిది కలపాలి. మొత్తం 14 దాటేట్టయితే కలపడానికి బదులు ఐదు తీసివేయాలి. 2,700 చుట్ల వేగం వద్ద ఈ క్రమం నిమిషానికి 1,350 సార్లు పూర్తవుతుంది. అంటే ఒక్క ఇంజిన్‌లోనే సెకనుకు 315 మంటలు.

క్యామ్ రింగు లెక్క

ప్రతి సిలిండర్‌కు రెండు వాల్వులు ఉంటాయి. ఒకటి మిశ్రమం లోపలికి రావడానికి, రెండోది పొగ బయటకు పోవడానికి. ప్రతి వాల్వు రెండు చుట్లకు ఒకసారి మాత్రమే తెరుచుకోవాలి. వరుస ఇంజిన్లలో ఈ పనిని క్యామ్‌షాఫ్ట్ అనే పొడవైన కడ్డీ చేస్తుంది. ప్రతి వాల్వుకు దాని మీద ఒక బొడిపె ఉంటుంది. క్రాంక్‌షాఫ్ట్ వేగంలో సగం వేగంతో ఆ కడ్డీ తిరుగుతుంది.

వృత్తాకారంలో నిలిచిన సిలిండర్లకు ఇలాంటి కడ్డీని అమర్చడం వీలు కాదు. అందుకే రేడియల్ ఇంజిన్ రూపకర్తలు క్యామ్ రింగు అనే వలయాన్ని ఎంచుకున్నారు. క్రాంక్‌షాఫ్ట్ ఉన్న అక్షం మీదనే, దాని చుట్టూ ఈ వలయం తిరుగుతుంది. దాని అంచున రెండు బాటలు ఉంటాయి. ఒకటి లోపలికి తీసుకునే వాల్వులకు, మరొకటి బయటకు పంపే వాల్వులకు. ఒక్కో బాట మీద ఉన్న కొద్దిపాటి బొడిపెలే ఆ వరుసలోని సిలిండర్లన్నింటికీ సరిపోతాయి. బొడిపె కిందికి వచ్చిన ట్యాపెట్ పైకి లేచి పుష్‌రాడ్‌ను నెడుతుంది, పుష్‌రాడ్ రాకర్ ఆర్మ్‌ను కదుపుతుంది, రాకర్ వాల్వును తెరుస్తుంది.

ఆ బొడిపెలు ఎన్ని ఉండాలి? వలయం ఎంత వేగంతో తిరగాలి? సిలిండర్ల సంఖ్యకు ఒకటి కలిపి గాని, ఒకటి తీసివేసి గాని, రెండుతో భాగిస్తే బొడిపెల సంఖ్య వస్తుంది. తొమ్మిది సిలిండర్లకు నాలుగైనా ఐదైనా ఉండవచ్చు. ఏడు సిలిండర్లకు మూడు లేదా నాలుగు. బొడిపెల సంఖ్యను రెట్టింపు చేస్తే వేగం తెలుస్తుంది. నాలుగు బొడిపెల వలయం క్రాంక్‌షాఫ్ట్ వేగంలో ఎనిమిదో వంతుతో, ఐదు బొడిపెలది పదో వంతుతో తిరగాలి. ఒకటి కలిపి లెక్కించినప్పుడు వలయం క్రాంక్‌షాఫ్ట్ తిరిగే దిశలోనే తిరుగుతుంది. తీసివేసి లెక్కించినప్పుడు వ్యతిరేక దిశలో తిరుగుతుంది.

తొమ్మిది సిలిండర్ల వరుసతో దీనిని సరిచూడవచ్చు. వృత్తంలో 360 డిగ్రీలు కనుక సిలిండర్‌కూ సిలిండర్‌కూ మధ్య 40 డిగ్రీలు. ఒకటి విడిచి ఒకటి మండుతుంది కనుక తర్వాతి వంతు 80 డిగ్రీల దూరంలోని సిలిండర్‌ది. ఆ వంతు వచ్చేసరికి క్రాంక్‌షాఫ్ట్ కూడా 80 డిగ్రీలు తిరుగుతుంది. నాలుగు బొడిపెలుంటే వాటి మధ్య దూరం 90 డిగ్రీలు. వలయం ఎనిమిదో వంతు వేగంతో, అంటే 10 డిగ్రీలు వెనక్కి తిరుగుతుంది. 90లో 10 పోగా 80. తర్వాతి బొడిపె సరిగ్గా ఆ సిలిండర్ కిందికి వచ్చి నిలుస్తుంది. ఐదు బొడిపెలైతే మధ్య దూరం 72 డిగ్రీలు, వలయం ముందుకు 8 డిగ్రీలు తిరుగుతుంది, మొత్తం మళ్లీ 80. రెండు దారులూ ఒకే గమ్యానికి చేరుతాయి. ఏ దారి ఎంచుకోవాలన్నది నిర్మాణ సౌలభ్యాన్ని బట్టి ఉంటుంది.

వేగాన్ని తగ్గించే పళ్లు

క్రాంక్‌షాఫ్ట్ వేగాన్ని ఎనిమిదో వంతుకు దించడం ఒకే జత గేర్లతో కష్టం. చిన్న గేరు మరీ చిన్నదిగా, పెద్దది మరీ పెద్దదిగా ఉండవలసి వస్తుంది. కనుక రెండు మెట్లలో ఈ పని జరుగుతుంది. ఒక ఉదాహరణ తీసుకుంటే, క్రాంక్‌షాఫ్ట్ మీద 20 పళ్ల గేరు ఉందనుకోవాలి. అది పక్కనున్న 40 పళ్ల మధ్య గేరును తిప్పితే వేగం సగమవుతుంది. ఆ మధ్య గేరుకే బిగించిన మరో 20 పళ్ల చిన్న గేరు, క్యామ్ రింగుకు ఉన్న 80 పళ్లతో కలిస్తే వేగం అందులో నాలుగో వంతుకు దిగుతుంది. సగంలో నాలుగో వంతు అంటే ఎనిమిదో వంతు.

దిశను నిర్ణయించేది కూడా ఈ అమరికే. వెలుపలి పళ్లున్న రెండు గేర్లు కలిస్తే ఒకటి కుడికి, మరొకటి ఎడమకు తిరుగుతాయి. క్యామ్ రింగుకు పళ్లు లోపలి అంచున ఉంటే అది తనను తిప్పే గేరు దిశలోనే తిరుగుతుంది. అప్పుడు మొత్తం మీద క్యామ్ రింగు క్రాంక్‌షాఫ్ట్‌కు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. పళ్లు వెలుపలి అంచున ఉంటే దిశ రెండుసార్లు మారి, మళ్లీ క్రాంక్‌షాఫ్ట్ దిశకే వస్తుంది. నాలుగు బొడిపెలా, ఐదు బొడిపెలా అన్న నిర్ణయానికీ, పళ్లు లోపలా వెలుపలా అన్న నిర్ణయానికీ ఉన్న సంబంధం ఇదే.

ఒక్క పన్ను తప్పితే

క్యామ్ రింగు నెమ్మదిగా తిరగడం వల్ల లాభం ఉంది. బొడిపెల మీద, ట్యాపెట్ల మీద అరుగుదల తగ్గుతుంది. అయితే ఆ నెమ్మదితనంలోనే ప్రమాదం కూడా ఉంది. వలయం ఎనిమిదో వంతు వేగంతో తిరుగుతున్నప్పుడు, దాని మీద ఒక డిగ్రీ తేడా క్రాంక్‌షాఫ్ట్ మీద ఎనిమిది డిగ్రీలతో సమానం. పై ఉదాహరణలోని 80 పళ్ల వలయంలో ఒక్కో పన్ను నాలుగున్నర డిగ్రీలు. బిగించేటప్పుడు ఒక్క పన్ను పక్కకు జరిగితే వాల్వుల వేళ క్రాంక్‌షాఫ్ట్ లెక్కలో 36 డిగ్రీలు మారిపోతుంది. పిస్టన్ కింది నుంచి పైకి రావడానికి పట్టేది 180 డిగ్రీలే కనుక, ఇది ఆ ప్రయాణంలో ఐదో వంతు. పైగా తప్పు ఒక్క సిలిండర్‌కే పరిమితం కాదు. ఆ వలయం మీద ఆధారపడిన ఏడో, తొమ్మిదో సిలిండర్లన్నీ ఒకేసారి దెబ్బతింటాయి.

ఫలితం ఏ వైపు జరిగిందన్న దానిపై ఆధారపడుతుంది. పొగ బయటకు పోవలసిన వాల్వు ముందే తెరుచుకుంటే శక్తి వృథా అవుతుంది, మండుతున్న వాయువు తగిలి వాల్వు మాడుతుంది. లోపలికి తీసుకునే వాల్వు సకాలంలో మూసుకోకపోతే నొక్కిన మిశ్రమం వెనక్కి పోతుంది. మంట ఆ దారిలోకి వెళితే ఇంజిన్ వెనుక భాగంలో అగ్ని ప్రమాదం జరగవచ్చు. కొన్ని నిర్మాణాల్లో తెరిచి ఉన్న వాల్వు పిస్టన్‌కు తగిలే అవకాశమూ ఉంది.

గేర్లు సరిగా బిగించినంత మాత్రాన పని పూర్తి కాదు. పళ్లు అరిగి వదులైనా తేడా వస్తుంది. ఆ తేడా సైతం క్రాంక్‌షాఫ్ట్ మీద అదే నిష్పత్తిలో పెరిగి కనిపిస్తుంది. వేడి కూడా వేళలను మారుస్తుంది. ఇంజిన్ వేడెక్కినప్పుడు సిలిండర్ పుష్‌రాడ్ కంటే ఎక్కువగా సాగుతుంది. దానితో రాకర్‌కూ వాల్వుకూ మధ్య సందు పెరుగుతుంది. సందు పెరిగితే వాల్వు ఆలస్యంగా తెరుచుకొని ముందుగా మూసుకుంటుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు ఆ సందును ఎంత ఉంచాలో తయారీదారు కచ్చితంగా నిర్దేశిస్తాడు.

వేడి ఎంత చేటు చేయగలదో 1944లో భారత ఉపఖండం చూసింది. 18 సిలిండర్ల రైట్ ఆర్-3350 ఇంజిన్లు గల బీ-29 బాంబర్లను అమెరికా ఖరగ్‌పూర్ పరిసర స్థావరాలకు తరలించింది. ఆ ప్రయాణంలో కరాచీ వేసవి ఎండకు ఇంజిన్లు అతిగా వేడెక్కి ప్రమాదాలు జరగడంతో విమానాలను కొంతకాలం నిలిపివేయవలసి వచ్చింది. మొదట దెబ్బతిన్నవి పొగ బయటకు పంపే వాల్వులు. ఆ ప్రమాదాలకు మూలం గేర్లు కాకపోయినా, వాల్వు నిర్వహణలో ఎంత తక్కువ వెసులుబాటు ఉంటుందో ఆ అనుభవం చూపింది.

నిప్పురవ్వకూ ఒక వేళ

మిశ్రమం మండడానికి కొంత సమయం పడుతుంది కనుక పిస్టన్ పైకి పూర్తిగా చేరకముందే, సుమారు 20 నుంచి 25 డిగ్రీల ముందు, నిప్పురవ్వ పుట్టాలి. ఈ పని మాగ్నెటోలది. బ్యాటరీ అవసరం లేకుండా తమంతట తామే విద్యుత్తును ఉత్పత్తి చేసే ఈ పరికరాలు ఇంజిన్‌కు రెండు ఉంటాయి. ప్రతి సిలిండర్‌కు రెండు స్పార్క్ ప్లగ్‌లు ఉంటాయి. ఒక మాగ్నెటో విఫలమైనా రెండోది ఇంజిన్‌ను నడుపుతుంది.

రేడియల్ ఇంజిన్‌లో ఇక్కడ మరో చిక్కు ఉంది. ఒక వరుసలోని పిస్టన్లన్నీ క్రాంక్‌షాఫ్ట్‌కు నేరుగా కలిసి ఉండవు. ఒక్క పిస్టన్‌కు మాత్రమే మాస్టర్ రాడ్ ఉంటుంది. మిగిలిన వాటి రాడ్లు ఆ మాస్టర్ రాడ్ చుట్టూ చిన్న పిన్నులతో బిగించి ఉంటాయి. అందువల్ల ఒక్కో పిస్టన్ పైకి చేరే క్షణం సమాన విరామాల నుంచి కొద్దిగా తప్పుతుంది. దీనిని సరిచేయడానికి పెద్ద ఇంజిన్ల మాగ్నెటోలో ప్రత్యేకమైన క్యామ్‌ను వాడారు. క్రాంక్‌షాఫ్ట్‌కు సగం వేగంతో తిరిగే ఆ క్యామ్‌కు సిలిండర్‌కు ఒకటి చొప్పున బొడిపెలుంటాయి. ఆయా సిలిండర్ తేడాకు తగినట్టు వాటి మధ్య దూరాలను స్వల్పంగా ఎక్కువ తక్కువలు చేసి అరగదీస్తారు. వాటిలో ఒకటి మొదటి సిలిండర్‌దని తెలిపే గుర్తు తప్పనిసరి. ఆ గుర్తును పట్టించుకోకుండా బిగిస్తే ఒక సిలిండర్‌కు చేసిన సర్దుబాటు మరొక సిలిండర్‌కు వెళుతుంది.

పెద్ద ఇంజిన్లు, పెద్ద చిక్కులు

సిలిండర్లు పెరిగిన కొద్దీ గేర్ల మీద భారం పెరిగింది. ప్రతి మంటా క్రాంక్‌షాఫ్ట్‌ను ఒక్క కుదుపుతో ముందుకు తోస్తుంది. ఉక్కు కడ్డీ సైతం ఆ కుదుపులకు అతి స్వల్పంగా మెలి తిరిగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. ఈ కంపనం గేర్ల పళ్లను ఒకదానితో ఒకటి పదేపదే ఢీకొనేలా చేస్తుంది. ఇంజిన్ వెనుక భాగంలో గాలిని నొక్కి పంపే సూపర్‌చార్జర్ చక్రం ట్విన్ వాస్ప్ రకాల్లో క్రాంక్‌షాఫ్ట్ కంటే ఏడు రెట్లకు పైగా వేగంతో తిరుగుతుంది. అంత వేగంతో తిరిగే చక్రం కుదుపులను తట్టుకోలేదు. అందువల్ల గేర్లకు మధ్య స్ప్రింగులున్న జోడింపులను, క్రాంక్‌షాఫ్ట్‌కు కంపనాన్ని అణచే ఊగే బరువులను అమర్చడం పెద్ద ఇంజిన్లలో అవసరమైంది. ఏడేసి సిలిండర్ల నాలుగు వరుసలతో 28 సిలిండర్ల వాస్ప్ మేజర్ ఈ దారిలో వచ్చిన అతి పెద్ద ఇంజిన్లలో ఒకటి.

బ్రిటన్‌కు చెందిన బ్రిస్టల్ సంస్థ మరో మార్గం పట్టింది. వాల్వులను, క్యామ్ రింగును పూర్తిగా తొలగించి, సిలిండర్‌కూ పిస్టన్‌కూ మధ్య రంధ్రాలున్న ఉక్కు గొట్టాన్ని అమర్చింది. ఆ గొట్టం పైకీ కిందికీ జరుగుతూ, కొద్దిగా పక్కలకు తిరుగుతూ దారులను తెరుస్తుంది, మూస్తుంది. అయితే ప్రతి గొట్టానికీ ప్రత్యేక గేరు కావాలి. ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు 1953లో సంక్రమించిన 12 వైకింగ్ విమానాల్లో 14 సిలిండర్ల బ్రిస్టల్ హెర్క్యులీస్, వైమానిక దళపు టెంపెస్ట్ యుద్ధ విమానాల్లో 18 సిలిండర్ల సెంటారస్ ఈ తరహావే. బొడిపెలు, పుష్‌రాడ్లు, రాకర్లు పోయినా, వాటి స్థానంలో గేర్ల సంఖ్య బాగా పెరిగింది.

మెకానిక్ చేతిలో

టైమింగ్ గేర్లను కలిపే పని యంత్రశాలలో నిశ్శబ్దంగా, నిదానంగా జరిగేది. కలవవలసిన పళ్ల మీద తయారీదారే గుర్తులు వేస్తాడు. మొదటి సిలిండర్ పిస్టన్‌ను నిర్దేశిత స్థానానికి తెచ్చి, గుర్తులు ఎదురెదురుగా వచ్చేలా గేర్లను కలుపుతారు. ఆ తర్వాత క్రాంక్‌షాఫ్ట్‌కు డిగ్రీలు గీసిన పళ్లెం తగిలించి, చేత్తో నెమ్మదిగా తిప్పుతూ, వాల్వులు ఏ డిగ్రీ వద్ద తెరుచుకుంటున్నాయో, ఏ డిగ్రీ వద్ద మూసుకుంటున్నాయో సరిచూస్తారు. మాగ్నెటో విద్యుత్తును తెంచే క్షణాన్ని చిన్న దీపం సాయంతో గుర్తిస్తారు. ఇంజిన్‌ను ఒకే దిశలో తిప్పడం ఇక్కడ ముఖ్యం. వెనక్కి తిప్పితే పళ్ల మధ్య వదులు లెక్కలోకి వచ్చి కొలత తప్పుతుంది.

విమానం ఎగరడం మొదలయ్యాక ఈ గేర్లు ఎవరికీ కనిపించవు. వాటి ఆరోగ్యాన్ని పరోక్షంగా తెలుసుకోవలసిందే. టేకాఫ్‌కు ముందు పైలట్ ఒక్కో మాగ్నెటోను ఆపి చూస్తాడు. ఇంజిన్ వేగం కొద్దిగా మాత్రమే తగ్గాలి. ఎక్కువగా తగ్గినా, ఇంజిన్ కుదిపినా విమానం బయలుదేరదు. నేల మీద మెకానిక్ చమురు వడపోతను విప్పి చూస్తాడు. అందులో మెరిసే లోహపు రజను కనిపిస్తే లోపల ఏదో భాగం అరుగుతున్నట్టే.

బస్తర్ ఆకాశంలో నేడు

ఎన్నికల వేళ బస్తర్ లోతట్టు ప్రాంతాలకు పోలింగ్ సిబ్బందిని చేరవేసే పనిలో వైమానిక దళపు ఎంఐ-17 హెలికాప్టర్లు ప్రజలకు పరిచయమయ్యాయి. వీటికి పూర్వం 1960వ దశకంలో వైమానిక దళం వాడిన ఎంఐ-4 హెలికాప్టర్ ఒకే ఒక్క 14 సిలిండర్ల రేడియల్ ఇంజిన్‌తో ఎగిరేది. సోవియట్ యూనియన్‌లో తయారైన ఆ ఇంజిన్‌లో ఇంధనం నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతుంది కనుక, వాల్వులకూ నిప్పురవ్వకూ తోడు ఇంధనానికి కూడా వేళ నిర్ణయించవలసి వచ్చేది. ఎంఐ-17కు రెండు టర్బైన్ ఇంజిన్లు. ఒకటి ఆగినా రెండోది ఆదుకుంటుంది.

బస్తర్‌ను ఆనుకొని ఉన్న ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఇంజిన్ కర్మాగారం 1964లో ఏర్పడింది. విశాఖపట్నం నుంచి జగదల్‌పూర్ మీదుగా కిరండూల్ వెళ్లే రైలు మార్గం ఆ జిల్లా గుండానే సాగుతుంది. మిగ్ యుద్ధ విమానాల జెట్ ఇంజిన్ల కోసం నెలకొల్పిన ఆ కర్మాగారంలో మొదటి నుంచీ క్యామ్ రింగుకు చోటు లేదు. టర్బైన్ ఇంజిన్‌లోనూ గేర్లు ఉంటాయి. అవి పంపులను, జనరేటర్లను తిప్పుతాయి. ఏటీఆర్ వంటి విమానాల్లో ప్రొపెల్లర్ వేగాన్ని తగ్గిస్తాయి. కానీ ఏ క్షణంలో ఏ వాల్వు తెరుచుకోవాలో చెప్పే బాధ్యత వాటికి లేదు. అరణ్యం మీదుగా ఎగిరే విమానాలకు టర్బైన్ తెచ్చిన ప్రధాన భద్రతల్లో ఇది ఒకటి. విఫలం కాగల భాగాల సంఖ్యే బాగా తగ్గింది.

పాత విద్య మాత్రం దేశంలో పూర్తిగా అంతరించలేదు. బ్రిటన్‌లో పునరుద్ధరించిన ఒక డకోటా 2018 మే నెలలో హిందాన్ స్థావరంలో ‘పరశురామ’ పేరుతో వైమానిక దళపు వారసత్వ విమానాల్లో చేరింది. 1947 అక్టోబరు 27న శ్రీనగర్‌లో దిగిన తొలి డకోటా జ్ఞాపకంగా దానికి వీపీ 905 సంఖ్యను ఇచ్చారు. దాని రెండు ఇంజిన్లలోని 28 సిలిండర్లు, 56 వాల్వులు డెక్కన్ ఎయిర్‌వేస్ కాలంలో నడిచిన లెక్క ప్రకారమే నేటికీ నడవాలి. ఆ ఇంజిన్‌ను విప్పి బిగించవలసి వచ్చిన ప్రతిసారీ గేర్ల మీది గుర్తులను చదవగలిగినవారు, చేత్తో తిప్పి డిగ్రీలు సరిచూడగలిగినవారు ఉండాలి. ఆ విద్యను కొత్తవారికి నేర్పడం ఆ విమానం ఎగరడానికి విడిభాగాలతో సమానంగా అవసరం.